చర్చి సున్నంలో కలిపే బెల్లం

ఈ ఉదయం మన చర్చికి మళ్లీ సున్నం కొడుతున్నారు. ఆ తడి వాసన తగలగానే సిగ్గుతో తల దించుకున్నాను.

అది కట్టేటప్పుడు మనం చిన్నపిల్లలం, గుర్తుందా అక్కా? అప్పటికి గోదావరి మీద రైలు వంతెన కూడా లేదు. గుమ్మం ముందు అంతెత్తు గుండ్రటి స్తంభాలు, వాటిపైన త్రికోణం. అలాంటి కట్టడం మనం చూసి ఎరగం. అక్కడ కూలికి వచ్చే మరియమ్మత్త, సున్నం గట్టిపడాలని ఆ స్తంభాల సున్నంలో బెల్లం నీళ్లు కలిపేది.

అక్కడే పనిచేసే నాన్నకి అన్నం తీసుకెళ్లినప్పుడల్లా ఆ బెల్లం దొంగతనంగా తిన్నది నేనే.

బెల్లం కుండ సగానికి తగ్గిందని మేస్త్రీ గారు అత్తని నిలదీశారు.

"నేను ముట్టలేదండీ, దేవుడి పనిలో దొంగతనం చేస్తానాండీ," అని ఆవిడ ఏడ్చింది. పక్కనే ఉండి కూడా నేను నోరు విప్పలేదు. ఆవిణ్ణి పనిలోంచి తీసేశారు.

చర్చి తెరిచిన రోజు అందరూ లోపలికి వెళ్తుంటే ఆవిడ మెట్ల కిందే నిలబడిపోయింది. నేను దగ్గరికెళ్లి చెయ్యి పట్టుకుని, "బెల్లం తిన్నది నేనే అత్తా," అన్నాను.

"నాకు తెలుసమ్మా. నీ మూతికంటిన బెల్లం చూశాను ఆ రోజే."

"మరి చెప్పలేదేం?"

"నువ్వే చెబుతావని చూశాను."

లోపల పాట మొదలైంది. నేను ఆవిడ చెయ్యి వదిలేసి లోపలికి వెళ్లిపోయాను. మేస్త్రీ గారికి ఎప్పటికీ చెప్పలేదు.