దయ్యానికిచ్చిన గొంతు

మహబూబాబాద్ చుట్టుపక్కల తండాల్లో పెళ్లి పెట్టుకున్నవాళ్లు ముందు నీలికి వీలవుతుందో లేదో కనుక్కుని, తర్వాతే ముహూర్తం చూసుకునేవాళ్లు. అత్తగారింటికి వెళ్లే పిల్ల అయినవాళ్ల మెడ పట్టుకుని రాగం తీసి ఏడవాలి. దాన్ని ఢావ్లో అంటారు. కన్నీళ్లు కారిస్తే సరిపోదు. ఎవరి మెడ పట్టుకుంటే వాళ్ల పేరు, వాళ్లు చేసిన మంచి, వాళ్లను విడిచిపోతున్న బాధ మాటల్లో రావాలి. ఫోన్ చూస్తూ పెరిగిన పిల్లలకు అది ఎక్కడొస్తుంది? నీలి వారం ముందే వెళ్లి నేర్పేది. నోరు తిరగని పిల్లకు పక్కన నిలబడి అందించేది. ఆమె గొంతు లేస్తే డీజే పెట్టేవాడు కూడా చెయ్యి ఆపేవాడు.

తన కూతురు సుమన కోసం మాత్రం ఒకటి వేరుగా కట్టుకుంది. తల్లిగా తాను ఏడవాల్సింది అది. పత్తి ఏరుతూ, బట్టలు పిండుతూ ఏళ్ల తరబడి ఒక్కో మాటా కూర్చుకుంది. ఎవరికీ వినిపించలేదు.

నిరుడు ఎండాకాలం జనగామ నుంచి ప్రతాప్ అనే మనిషి తండాకు వచ్చాడు. ఒకప్పుడు పెళ్లి ఫొటోలు తీసేవాడు. ఇప్పుడు ఫోన్ ఆటలు తయారుచేసే ఏదో కంపెనీకి గొంతులు పోగుచేసి పంపుతున్నాడు.

"నీ పాట దునియా అంత వింటది అక్కా," అన్నాడు.

తల్లీకూతుళ్లు రైలెక్కి జనగామ వెళ్లారు. గోడలకు పరుపులు కొట్టిన గదిలో, మైకు ముందు నిలబెట్టి ఏడవమన్నాడు ప్రతాప్.

"ఎవరి మెడ పట్టుకోవాలె?" అని అడిగింది నీలి.

అతను లోపలికి పోయి ఒక దిండు తెచ్చిచ్చాడు.

"దిండు అత్తగారింటికి పోతదా సారూ?"

ఇద్దరూ నవ్వారు. కానీ ఎంతసేపు నిలబడ్డా నీలి గొంతు పెగల్లేదు. చివరికి బయట కూర్చున్న సుమనను లోపలికి పిలిచి మెడ పట్టుకుంది. పట్టుకోగానే దాచుకున్నదంతా ఒక్కసారి తన్నుకొచ్చింది. ఆపుకోవాలనిపించినా ఆగలేదు. ప్రతాప్ కళ్లు తుడుచుకుని, ఇంగ్లీషు కాగితాల మీద వేలిముద్ర వేయించుకున్నాడు. మరో రెండు రోజులు ఉంచి పేర్లు, అంకెలు, కేకలు, నవ్వులు పలికించాడు. ఎందుకని అడిగితే, మిషన్‌కు గొంతు అలవాటు కావాలన్నాడు.

తిరిగి వస్తుంటే సుమన తల్లిని అడిగింది. "యాడీ, గా పాట నా పెండ్లికి దాచినవు కదా?"

"మళ్ల కడ్తగని తియ్యి."

వానలు పడ్డాక మొగుడు లింగ్యాకు జ్వరమొస్తే నీలి దవాఖానకు తీసుకెళ్లింది. చీటీల వరుసలో ముందు ఒక కానిస్టేబుల్ నిలబడి ఫోన్‌లో ఆట ఆడుతున్నాడు. అందులోంచి తన గొంతు వినిపించింది. సుమన మెడ పట్టుకుని ఏడ్చిన ఏడుపే అది. తొంగిచూస్తే చీకటి అడవిలో జుట్టు విరబోసుకున్న ఆడమనిషి చేతులు చాచి వస్తోంది. చేతుల నిండా దంతపు గాజులు, నెత్తిన అద్దాల ముసుగు.

"ఏంది సారూ అది?"

"దయ్యం. పరేషాన్ చేస్తదిగని, నాలుగు గుండ్లకు చస్తది." ఆమె కళ్ల ముందే దాన్ని కాల్చి చంపాడు. చచ్చేటప్పుడు కూడా అది నీలి గొంతుతోనే అరిచింది.

బావగారి కొడుకు వీరేందర్‌ను వెంటబెట్టుకుని మళ్లీ జనగామ వెళ్లింది. అప్పటికి ఆ గది గోడలకున్న పరుపులు పీకేసి ఉన్నాయి. కంపెనీకి ఇక గొంతులు అక్కర్లేదట, ఉన్నవి చాలట అన్నాడు ప్రతాప్.

వీరేందర్ ఆ వేలిముద్ర వేసిన కాగితం చదివాడు. "ఇప్పుడున్న మిషన్లల్ల, ఇగ ముందట పుట్టబోయే మిషన్లల్ల, ఎల్లకాలం వాడుకోవచ్చునట కాకీ."

"నేను చచ్చినంక?"

"చచ్చినంక గూడ." అతనికి కోపం పొంగింది. "మనం పైసలు పెట్టి కొన్న ఆట మనది కాదు. వాళ్లు సర్వర్ బందు చేసిననాడు మన ఫోన్ల అది పీనుగ. నీ గొంతును మాత్రం వాళ్లు ఎల్లకాలానికి గుంజుకున్నరు."

"గంత తెలిసినోనివి నువ్వెందుకు ఆడుతున్నవ్ తమ్మీ?" అన్నాడు ప్రతాప్, అతని చేతిలోని ఫోన్ చూసి. "ఆ ఆటల నీ తుపాకికి బంగారు రంగు పుణ్యానికి వచ్చిందా?"

వీరేందర్ ఫోన్ జేబులో పెట్టుకున్నాడు. ప్రతాప్ గొంతు తగ్గించి నీలితో అన్నాడు. "వాళ్లెవరో నాక్కూడ తెల్వదు అక్కా. మెయిల్ పెడితే మిషనే జవాబిస్తది."

ఆ చలికాలం తండాల్లో నాలుగు పెళ్లిళ్లు జరిగాయి. నీలిని ఒక్కరూ పిలవలేదు. ఎందుకని ఆమె అడగలేదు. ఆమె బోరింగు దగ్గరికి వస్తే పిల్లలు వేళ్లతో తుపాకులు చేసి చూపించి పారిపోయేవాళ్లు. దాన్ని ఆమె నవ్వి వదిలేసేది. ఈలోగా సుమనకు సంబంధం కుదిరింది. పెళ్లికొడుకు భూపాలపల్లిలో బొగ్గు బండి నడుపుతాడు. కొత్త ఢావ్లో కట్టడానికి నీలికి రెండు నెలలే ఉంది. మాట కూర్చబోతే నోట పాతదే వచ్చేది. పాతది దయ్యం నోట్లో ఉంది.

పెళ్లికి వారం ముందు వీరేందర్ వచ్చి, చెప్పాలా వద్దా అన్నట్టు గుమ్మంలోనే నిలబడ్డాడు.

"ఆటల కొత్తది దించిన్రు కాకీ. పైసలు కట్టి ఎవల పేరన్న కొడితే, దయ్యం ఆ పేరు పెట్టి ఏడుస్తది."

"నేను అందరి పేర్లు పలకలేదు గదరా."

"నువ్వు పలుకుడు అవసరం లేదు. అది నేర్చుకున్నది."

నీలి ఆ రాత్రి అన్నం ముట్టలేదు. అయినా పట్టు విడవలేదు. పెళ్లినాటికి కొత్త మాటలు కొన్ని కూడాయి. ఏళ్లు పట్టిన పాతదాని పక్కన అవి నిలవవని ఆమెకు తెలుసు. కానీ తనవి, ఇంకెవరూ విననివి.

అప్పగింతల వేళ ఎండ ఇంకా పందిరి మీదే ఉంది. సుమన వచ్చి మెడ చుట్టూ చేతులు వేసింది. నీలి రాగం ఎత్తుకుంది. మొదటి ముక్కకే చిన్నపిల్లలు కెవ్వుమని తల్లుల చీరల్లో దూరారు. "అమ్మో, గదే గొంతు!" అంది మగపెళ్లివాళ్లలో ఒకామె. కుర్రవాళ్లు నవ్వారు. నీలి గొంతు తడబడి ఆగింది. సుమన చేతులు వదులయ్యాయి.

"ఆపకు యాడీ," అంది చెవిలో.

ఇంతలో పెళ్లికొడుకు స్నేహితుడు హన్మంత్ తన ఫోన్‌ను డీజే డబ్బాకు కలిపాడు. "ఆగున్రి, మా చెల్లెకు మేం ఒకటి తెచ్చినం," అన్నాడు. అతని మనసులో చెడేమీ లేదు.

డబ్బాలోంచి నీలి గొంతు లేచింది. సుమనా అని పిలిచింది. జనగామ గదిలో ఏడ్చిన మాటలు, వాటి మధ్య నీలి ఎన్నడూ అనని మాటలు, ఎక్కడా అతుకు తెలియకుండా కలిసి వచ్చాయి. ఇప్పటిదాకా నవ్వినవాళ్లు నవ్వు ఆపారు. ముసలివాళ్లు కొంగులు కళ్లకు అద్దుకున్నారు. సుమన తల్లి భుజం మీదుగా డబ్బా వైపు మొహం తిప్పి వెక్కివెక్కి ఏడవసాగింది.

ఢావ్లోలో ఒకరు ఊపిరి కోసం ఆగినచోట రెండోవాళ్లు అందుకుంటారు. నీలి కూతురి మెడ గట్టిగా పట్టుకుని, నోరు సగం తెరిచి, అది ఎక్కడ ఆగుతుందా అని ఎదురుచూసింది.

అది ఊపిరి తీసుకోవడం లేదు.