నోటి మీద చెయ్యి

కుళాయి దగ్గర బిందె నిండేలోపు ఆ కథ ఒకసారి పూర్తయ్యేది. బడిలో కొత్తగా చేరిన ఆయా అడవిలో ఉన్నప్పుడు సైనికులు చుట్టుముట్టారట. ఒళ్ళో మూడు నెలల పాప. ఏడిస్తే అందరూ దొరికిపోతారని పాప నోటి మీద చెయ్యి పెట్టిందట. తీసేసరికి ప్రాణం లేదట.

"కన్నచేతులతోనే..." అని ఒకావిడ కళ్ళొత్తుకుంటే, "నీ బిందె పొంగిపోతోంది, ముందు అది చూడు తల్లీ" అని వెనకావిడ కసిరేది. కథ మాత్రం అందరి బిందెలతోపాటు అందరి ఇళ్ళకూ చేరేది.

ఆయా చెవిన కూడా పడింది. ఆమె తన పని తను చేసుకుపోయింది.

యుద్ధంలో తొమ్మిదిమంది దళాన్ని వెంట నడిపించిన మనిషి. యుద్ధం ముగిశాక ఆమె దగ్గర తుపాకీ తీసుకుని, పునరావాస శిబిరంలో కుట్టుపని నేర్పి, ఒక విడుదల కాగితం చేతికిచ్చి పంపేశారు. పుట్టింటికి వెళితే వదిన గడప దగ్గరే అడ్డం నిలబడింది. "పిల్లలున్న కొంపమ్మా. నువ్వు కనబడితే పోలీసులు మళ్ళీ వస్తారు."

ఈ బడిని వెతుక్కుంటూ రావడానికి కారణం ఒక్కటే. నాలుగో తరగతి, రెండో బెంచీ, ఎడమచేత్తో రాసే పిల్ల. పదేళ్ళ కిందట తను ఒక దర్జీ ఆవిడ చేతుల్లో పెట్టి వెళ్ళిపోయిన పాప. ఆ దర్జీ అప్పట్లో దళం వాళ్ళకి చాటుగా దుస్తులు కుట్టిపెట్టేది. మొదటిరోజే ఆయాను గుర్తుపట్టింది.

"పిల్లను కళ్ళారా చూసుకో, కాదనను. కానీ నోరు జారావంటే, అది నన్నేమనుకోవాలి? దాన్ని ఊరు బతకనిస్తుందా?"

"జారనక్కా."

ఆ మాట మీదే ఎనిమిది నెలలు గదులు ఊడ్చింది, మరుగుదొడ్లు కడిగింది, గంట కొట్టింది. నాలుగో తరగతి బోర్డు దగ్గర మాత్రం కాస్త ఎక్కువసేపు పట్టేది. "ఆయా, బోర్డు అరిగిపోతుంది!" అని ఒకరోజు ఆ పిల్లే నవ్వింది. ఆ నవ్వు ఆమెకు నెలరోజులు వచ్చింది.

ఒక మంగళవారం హెలికాప్టరు ఒకటి బడి కప్పును తాకుతుందా అన్నట్టు వెళ్ళింది. పిల్లలంతా కేకలేస్తూ వరండాలోకి పరుగెత్తారు. ఆ తోపులాటలో ఒకటో తరగతి పిల్ల పడి బిగ్గరగా ఏడ్చింది. తర్వాతేం జరిగిందో ఆయాకే తెలియదు. తెలివొచ్చేసరికి ఆ పిల్లను పొదువుకుని బెంచీ కింద ఉంది. తన అరచెయ్యి పిల్ల నోటి మీద ఉంది.

మర్నాడు తల్లులంతా పెద్ద టీచరు గదిలో నిలబడ్డారు. వాళ్ళలో దర్జీ కూడా ఉంది. మెడలోంచి కొలత టేపు తీయడం కూడా మరిచిపోయి వచ్చింది.

"నిన్నటిది భయంతో చేసిందని నేను సర్దిచెప్పగలనమ్మా," అంది పెద్ద టీచరు. "ఆ పాత కథతోనే వచ్చింది చిక్కు. అది అబద్ధమని ఒక్క మాట చెప్పు. నీ ఉద్యోగం నేను కాపాడతాను."

"అబద్ధమైతే ఆ పాప ఏదీ? చూపించమనండి!" అందొక తల్లి.

పక్కగదిలో నాలుగో తరగతి వాళ్ళు ఎక్కాలు వల్లెవేస్తున్నారు. ఇన్ని గొంతుల్లో ఆ ఒక్క గొంతు ఏదో ఆయాకు తెలుసు. దర్జీ ముఖంలో నెత్తురు చుక్క లేదు. రెండు చేతులతో టేపు కొసలు పట్టుకుని నిలబడింది.

"నిజమేనమ్మా," అంది ఆయా. "నేనే చంపాను."

అందాకా అరిచినావిడే ఒకడుగు వెనక్కి వేసింది. ఆయా తాళాల గుత్తి బల్ల మీద పెట్టి బయటికి నడిచింది.

గేటు దగ్గర దర్జీ రొప్పుతూ వచ్చి అందుకుంది.

"ఎందుకలా అన్నావే, పిచ్చిదానా!"

"మాట ఇచ్చాను కదక్కా."

"ఇప్పుడెక్కడికి పోతావు?"

"తెలీదు."

ఉండమని చెప్పబోయి దర్జీ బడి వైపు తిరిగి చూసింది. ఆయా అది చూసి, తనే తల ఊపి, రోడ్డెక్కింది.

సైనికులు వచ్చిన ఆ రోజు పాప అసలు ఏడవనేలేదు. తన ఒళ్ళోంచి దర్జీ ఒళ్ళోకి మారేటప్పుడు కూడా నిద్రపోతూనే ఉంది.