కోస్గి వార్తగా అచ్చయిన నక్షత్రం

ఎక్కడో ఒక మరుగుజ్జు గెలాక్సీలో కృష్ణబిలం ఒక నక్షత్రాన్ని చీల్చేసింది. ఆ వార్తను మా పత్రిక ఉమ్మడి మహబూబ్‌నగర్ జిల్లా పేజీలో వేయించాలని పట్టుబట్టాను.

"గిది ఏ మండలంల జరిగిందన్నా?" అన్నాడు పేజీ ఇన్‌చార్జి. మండలం పేరు లేని వార్తకు అక్కడ చోటుండదు.

కోస్గి మండలంలో గొర్రెలు పెంచే మా బావకు ఫోన్ చేశాను. కృష్ణబిలం కంటికి కనబడదని, చీలిన నక్షత్రం వెలుగును పెద్ద దుర్భిణీతో చూస్తేనే దాని జాడ తెలుస్తుందని చెప్పాను.

"తోడేలు కనబడకున్నా, చెదిరిన ఉన్ని జూస్తే తెల్వదా? గీ మాత్రానికి గంత పెద్ద దుర్భిణీ ఎందుకు బామ్మర్దీ?" అని నవ్వాడు.

ఆ మాటతోనే వార్త మొదలుపెట్టి, పైన కోస్గి అని రాసి పంపాను. మర్నాడు అచ్చయింది.

"మరి చిన్న గెలాక్సీలన్నిట్ల ఉన్నయా గీ బిలాలు?" అనడిగాడు ఇన్‌చార్జి.

అది శాస్త్రవేత్తలకే ఇంకా తేలలేదు.