దేఖావాకు కరెంటు ఇచ్చిన గది

ఆ ఏడు మా చాల్‌లో, అంటే మా ఒంటిగది ఇళ్ల వరసలో, గణపతి దేఖావాకు ఆలోచన నాదే. ముంబైలో మండపంలో వినాయకుడు ఎంత ముఖ్యమో, ఆయన పక్కన ఏదో ఒక సందేశంతో కట్టే బొమ్మల దృశ్యం కూడా అంతే ముఖ్యం. దాన్నే దేఖావా అంటారు. చుట్టుపక్కల బాగా కట్టిన మండలికి బహుమతి ఇస్తారు. కామాఠీపురాలో మా సందుకు అది ఎన్నడూ రాలేదు. నీళ్లు కాపాడండి, చెట్లు నాటండి అని అందరూ కట్టేవే మేమూ కట్టేవాళ్లం.

నేను పేపరు ఎక్కువగా చదువుతాను. నాకున్న జబ్బుల్లో అదొకటి. నేపాల్ నదుల మీద తయారైన కరెంటు మన తీగల మీదుగా బంగ్లాదేశ్‌కు వెళ్తోందని చదివి పొంగిపోయాను. మూడు దేశాలు, ఒకే తీగ. ఇరుగుపొరుగు దేశాలు ఇలా ఒకరి అవసరం ఒకరు తీర్చుకుంటే ఇక కొట్లాటలకు తీరికెక్కడిదని కమిటీలో అరగంట ఉపన్యాసం ఇచ్చాను. కాదంటే ఇంకో అరగంట మాట్లాడతానని తెలుసు కాబట్టి అందరూ సరేనన్నారు.

అట్టలతో కొండలు చేశాం. కొండల మీద దూది మంచు అయింది, మా ఆవిడ నీలం చీర నది అయింది. నేపాల్ నుంచి బంగ్లాదేశ్ దాకా చిన్న బల్బుల వరస కట్టాం. నేపాల్ బొమ్మకు టోపీ ఒకటి తక్కువైంది. మండపాన్ని ఆనుకుని ఉన్న కింది గదిలో పన్నెండేళ్లుగా ఒక నేపాలీ కుటుంబం ఉంటోంది. ఆయన ఫోరస్ రోడ్డు హోటల్లో వంట చేస్తాడు, ఆమె ఇంట్లో కరెంటు మిషన్ మీద బట్టలు కుడుతుంది. అడగ్గానే ఆయన తన పెళ్లినాటి టోపీ తెచ్చిచ్చాడు.

తర్వాత కరెంటు చిక్కు వచ్చింది. మండలి మీటరు మండపం దీపాలకే సరిపోయింది. దగ్గరలో ఉన్న ప్లగ్గు వాళ్లదే. కిటికీలోంచి తీగ లాగాం. రోజూ సాయంత్రం ఆమె కుట్టడం ఆపేసి, మిషన్ తీగ పీకి మాకు చోటిచ్చేది.

మొదటిసారి తీగ పెట్టిన రోజే ఆమె, ఇన్నేళ్లలో నేర్చుకున్న మా చాల్ తెలుగులో అడిగింది. “అన్నా, ఈసారన్న మా ఖోలీకి పాళి వస్తదా? మా బిడ్డ ఒకటే అడుగుతాంది.”

ఖోలీ అంటే గది, పాళి అంటే వంతు. మా చాల్‌లో పది రోజులూ పొద్దున ఒకటి, సాయంత్రం ఒకటి, మొత్తం ఇరవై హారతులు. ఉన్నవి ఇరవై గదులు. ఒక్కో హారతికి ఒక్కో గదివాళ్లు పళ్లెం పడతారు. ఆ జాబితా తెలుగులో రాసి గోడకు అంటించే పని నాది. మహబూబ్‌నగర్ నుంచి ఇటుకలు మోయడానికి వచ్చిన తాతల పేర్లతో పందొమ్మిది గదులు రాసేవాణ్ని. ఇరవయ్యో వంతు మళ్లీ మా గదికే రాసుకునేవాణ్ని. అది సెక్రటరీ వాటా అని నాకు నేనే నచ్చజెప్పుకున్నాను.

“లిస్టు ఫుల్ అయిపోయింది చెల్లె, చూద్దాం,” అన్నాను. నిజానికి లిస్టు నేనింకా మొదలే పెట్టలేదు.

మా ఆవిడ విన్నది. “నేపాలోళ్ల టోపీ కావాలె, నేపాలోళ్ల కరెంటు కావాలె. వాళ్ల పేరు రాయనీకి మాత్రం నీకు పెన్ను దొరకది,” అంది. అది దేశాల సంగతి, ఇది చాల్ పద్ధతి అని జవాబిచ్చాను. ఆ మాట అనేటప్పుడు నాకు నవ్వు కూడా రాలేదు.

ఎనిమిదో రోజు సాయంత్రం బహుమతి నిర్ణయించేవాళ్లు ముగ్గురొచ్చారు. కర్ర పట్టుకుని కొండలూ నదులూ చూపిస్తూ నేను దంచేస్తున్నాను. వాళ్లలో పెద్దావిడ, ఈ కరెంటు ఎక్కణ్ణుంచి వస్తోందని మరాఠీలో అడిగింది. కొండ చూపించాను. బొమ్మల కరెంటు కాదు, ఈ బల్బులది అందామె. చేసేది లేక కిటికీ చూపించాను. లోపల ఆ నేపాలీ చెల్లె వదులైన ప్లగ్గును చేత్తో నొక్కి పట్టుకుని నిలబడి ఉంది. ఎంతసేపటి నుంచి అలా ఉందో నేను చూసుకోలేదు. మీ ఇంటివాళ్ల హారతి ఏ రోజమ్మా అని పెద్దావిడ ఆమెను అడిగింది.

“ఈసారి లిస్టు ఫుల్ అయింది మేడం,” అని మామూలుగా చెప్పిందామె, మరాఠీలోనే.

బహుమతి వేరే సందుకు పోయింది. మావాళ్లు బల్బులు తక్కువైనందుకే అన్నారు. నేను తలూపాను.

మర్నాడు సాయంత్రం హారతి మా గది రెండో వంతు. పొద్దున్నే వాళ్ల తలుపు కొట్టాను. నిజం చెప్పాలనే వెళ్లాను గానీ నోట్లోంచి మరో అబద్ధం వచ్చింది. ఒక ఖోలీవాళ్లు ఊరికి పోయారని, వాళ్ల పాళి ఖాళీ అయిందని చెప్పాను. ఆయన హోటల్‌కు సెలవు పెట్టాడు. ఆమె పట్టుచీర కట్టింది. కూతురితో కలిసి పళ్లెం పట్టి, మరాఠీ హారతి మొదటి నుంచి చివరి దాకా తడబడకుండా పాడింది. అందులో రెండో చరణం నాకు ఇప్పటికీ రాదు. చప్పట్లు కొడుతూ పెదాలు కదుపుతాను.

అందరూ ప్రసాదానికి వరస కడుతుంటే ఆమె దగ్గరికి వెళ్లాను.

“చెల్లె, ఎవ్వరూ ఊరికి పోలే. లిస్టు గూడ ఎన్నడూ ఫుల్ కాలే. నేనే రాయలే.”

“తెలుసన్నా. మీ ఖోలీ పేరు రెండుసార్లు ఉంటది గదా. నాకు తెలుగు సదువుడు రాదనుకున్నవా?”

“మరి ఆ మేడంకు అట్ల ఎందుకు చెప్పినవ్?”

“బయటోళ్ల ముంగట మన మండలి ఇజ్జత్ తీస్తనా?” అని, ప్రసాదం గిన్నె చంకన పెట్టుకుని వరసలో ముందున్నవాళ్లకు పంచడానికి నడిచింది.

నేను వెళ్లి వరసలో చివర నిలబడ్డాను.