మా బావ పాటా, వీళ్ల చప్పట్లూ

మా బావ పోయిన కబురు ఫోన్లో వచ్చింది గానీ, ఫోను మోగిన సంగతే నాకు తెలియలేదు. రాష్ట్రం వచ్చిన సంబరాలు ఇంకా చల్లారలేదు. గోదావరిఖని చౌరస్తాలో ఊరేగింపు, పక్కన డీజే పెట్టెలు, వాటి మధ్య నేను డ్రమ్ ప్యాడ్స్ వాయిస్తున్నాను. పక్కవాడు నా జేబు తట్టి చూపిస్తే తీశాను. "తమ్మీ, మీ బావ లేడురా. డ్యూటీలనే గుండె ఆగిందట," అంది అక్క. ఆ గోలలో నాకు వినపడక, "ఏందక్కా, గట్టిగ చెప్పు," అన్నాను. పాపం, అక్క ఆ మాటను అరిచి చెప్పాల్సి వచ్చింది. బావే ఉంటే ఆ డీజే వైపు ఒకసారి చూసి, "బొగ్గు లారీ బోర్ల పడ్డట్టున్నది," అనేవాడు.

మర్నాడు ఊరంతా ఆయన్ని 'బొగ్గుగనుల గిటారు కళాకారుడు' అంది. బతికున్నన్నాళ్లూ ఇదే ఊరు ఆయన వాయించేదాన్ని 'గోకుడు' అంది. చచ్చిపోతే తప్ప మనిషిలోని కళ కనపడని ఈ చూపుకు ఏ దవాఖానలోనూ మందు లేదు.

బావ కంపెనీ వర్క్‌షాపులో ఎలక్ట్రీషియన్. ఒకసారి ఆఫీసర్ల కాలనీలో ఓ ఇంజినీరుగారింట్లో ఫ్యాను బాగుచేయడానికి వెళ్తే అక్కడ టేప్‌రికార్డరులో ఏదో ఇంగ్లిషు పాట మోగుతోందట. "నడుమల తాళం మారిందిరా. టేపు కరాబయ్యిందనుకున్న. కొంచెం సేపటికి మళ్ల పాత తాళానికే వచ్చింది. వాళ్లు కావాలనే చేసిండ్రని గప్పుడు సమజైంది," అని చెప్పేవాడు. ప్రోగ్రెసివ్ రాక్ అంటారు దాన్ని. పల్లవి, చరణం, మళ్లీ పల్లవి అనే లెక్క ఉండదు. పాట ఒకచోట మొదలై ఎక్కడెక్కడో తిరిగి వస్తుంది. మాటలు లేకపోయినా గిటారే కథ నడిపిస్తుంది. ఆ క్యాసెట్‌ను అడిగి తెచ్చుకుని, అరిగిపోయేదాకా విని, ఒక పాత గిటారు మీద ఒక్కో ముక్కా పట్టుకున్నాడు. కాలనీలో పెద్దమనుషులు, "ఒక్క సినిమా పాట వాయించరాదా?" అని అడిగితే, "వస్తది. గాని మీకు వాయించ," అనేవాడు. నాకు తెలిసినంతలో అంతకన్నా గౌరవంగా వాళ్లతో మాట్లాడాల్సిన అవసరమూ లేదు.

తరవాత కంప్యూటరు కొన్నాడు. క్వార్టరు ముందు గదిలో గోడలకు బొంతలు వేలాడదీసి అక్కడే రికార్డింగు. డ్రమ్స్ నేను వాయించాను. గిటార్లన్నీ ఆయనవే. ఒకే ముక్కను రెండుసార్లు వాయించి ఒకటి ఎడమ స్పీకరుకూ, ఒకటి కుడి స్పీకరుకూ ఇచ్చేవాడు. మధ్యాహ్నం ఓపెన్‌కాస్టు గనిలో బ్లాస్టింగు జరిగితే గది మొత్తం ఊగేది, ఆ అదురు మైకులోకి వచ్చేది. మా ఆర్కెస్ట్రా ఓనరు ఒకసారి అది విని ఎగిరి గంతేశాడు.

"అన్నా, గా బ్లాస్టింగు ఉంచు. బొగ్గుబాయి సౌండు. మస్తు పోతది."

"రోజూ ఇనుకుంటనే ఉన్నం కదా. పాటల గూడ ఎందుకు?" అని బావ ఆ టేకు తీసేసి మళ్లీ మొదలుపెట్టాడు.

నేను పెళ్లిళ్లలో వాయించే ఆర్కెస్ట్రా ఈ ఓనరుదే. చెవి లేకుండా సంగీతంతో బతకవచ్చని నిరూపించిన మనిషి.

మిక్సింగు నేర్పేటప్పుడు బావ చెప్పిన మాట ఇప్పటికీ నా పనికొస్తుంది. "ఒక వాయిద్యం మాట్లాడుతుంటే ఇంకోటి నోరు మూసుకోవాలెరా. అన్ని ఒక్కసారే ఒర్రితే అది మీటింగైతది, పాట గాదు." స్పీకర్లు ఎప్పుడూ చిన్నగానే పెట్టేవాడు. వంటింట్లో కూరగాయలు కోస్తున్న అక్కను అడిగేవాడు.

"ఇనొస్తుందా?"

"లావు గిటారు వస్తుంది. సన్నది వస్తలేదు. నడుమల ఏదో అడ్డం బడ్డది."

వెళ్లి ఆ అడ్డం పడ్డదాన్ని తగ్గించేవాడు. అక్క సరేనన్నాకే ఆ రోజు పని అయిపోయినట్టు.

అట్లా కొన్నేళ్లకు పాట తయారైంది. ఒక్కసారైనా మంచి స్పీకర్ల మీద వినాలని బావకు ఆశ. ఓనరుకు తెలిసినవాడి స్టూడియో హైదరాబాదులో ఉందంటే, పాటకు ఆఖరి మెరుగు పెట్టే మాస్టరింగు అక్కడ చేయిద్దామని రైలెక్కాం. బావ ఆ రోజు ఇస్త్రీ చొక్కా వేసుకున్నాడు. నాకు తెలిసి పెళ్లి తరవాత అదే.

స్టూడియో అతను పాట మొత్తం వినలేదు. అక్కడో ముక్క, ఇక్కడో ముక్క విన్నాడు. మేము టీ తాగి వచ్చేలోపు మెత్తటి భాగాలన్నీ కోసేసి, తాళాన్ని సాపు చేసి, మీద చప్పట్లు పరిచి, సౌండు మొత్తం పైకి లేపి వినిపించాడు.

"ఇప్పుడు అదిరింది చూడండన్నా. ముందు జనం ఎక్కడ చప్పట్లు కొట్టాలో తెలిసేది కాదు."

"కొట్టమని ఎవడన్నడు?" అన్నాడు బావ. తరవాత నాతో, "మాస్టరింగంటె సున్నమేసుడనుకున్నడు వీడు. చీకటి జాగ చీకటిగ ఉండాలె, వెలుగు జాగ వెలుగుండాలె. పా," అని మా పాట డిస్కు తీసుకుని బయటికి నడిచాడు. రైలు రామగుండం చేరేసరికి ఇస్త్రీ చొక్కా మీద చెమట మరకలు పడ్డాయి.

డిస్కు తెచ్చుకున్నాం గానీ స్టూడియో కంప్యూటరులో ఆ చప్పట్ల పాట మిగిలిపోయింది. ఓనరు దాన్ని తెప్పించుకుని పెళ్లికొడుకు స్టేజీ ఎక్కేటప్పుడు వేయడం మొదలుపెట్టాడు. ఉద్యమం రోజుల్లో సభల్లోనూ వేశాడు. నాకు ఒళ్లు మండి, "అడుగుదాం పా బావా," అంటే ఆయన నవ్వాడు.

"కొట్లాడితె వాడు ఇంకింత సౌండు పెడతడు. అది నాది గాదురా. నాది ఇంట్ల ఉన్నది."

ఇంట్లో ఉన్నదానికి మాస్టరింగు కూడా తానే చేసుకున్నాడు. కొందరికి డిస్కులిచ్చాడు. "మెల్లగున్నదే" అన్నారు. వాల్యూము పెంచుకునే మీట ఎక్కడుంటుందో తెలియని మేధావులు.

సంతాప సభ కమ్యూనిటీ హాల్లో పెట్టారు. వద్దన్నా వినకుండా ఓనరే ముందుండి నడిపాడు. దండలు, ఫ్లెక్సీ, మైకు. మాట్లాడినవాళ్లలో ఒకాయన బావను వీణ విద్వాంసుణ్ణి చేశాడు. ఇంకొకాయన తన ఎన్నికల సంగతి చెప్పుకున్నాడు. చివరికి, "అన్న చేసిన పాటతోనే అన్నకు నివాళి," అని ఓనరు అదే చప్పట్ల పాట పెట్టాడు. హాలు అదిరింది. సంతాప సభలో జనం లయకు తల ఊపుతుంటే చూశాను.

అక్క లేచింది. ఏనాడూ స్టేజీ ఎక్కని మనిషి, నేరుగా వెళ్లి, "బంద్ చెయ్యి," అంది. ఓనరుకు వినపడలేదు. చేత్తో వైరు చూపించింది. నేను పీకేశాను.

"మీరిన్నది ఆయనది గాదు," అంది మైకు లేకుండానే. "ఆయనది ఇనాలంటె ఇంటికి రాండ్రి. పొద్దంత నేను ఇంట్లనే ఉంట."

హాలు నిండా ఉన్న అభిమానుల్లో ఎంతమంది వస్తారో నేను అప్పుడే ఊహించాను, తప్పలేదు. ఓనరు రాలేదు. ఉపన్యాసకులు రాలేదు. వర్క్‌షాపులో బావతో పనిచేసిన ఇద్దరు, పక్క క్వార్టరు అవ్వ వచ్చారు. వాళ్లు కింద చాప మీద కూర్చుంటే బావ డిస్కు పెట్టాను. అందులో ఒకాయన ఫస్టు షిఫ్టు చేసి వచ్చి కాసేపటికే కునుకు తీశాడు. లేపబోతే అక్క ఆపింది. "పండనియ్యి తమ్మీ. గురక పెట్టకుంటె సాలు."

పాట సగానికి వచ్చింది. గిటారు సన్నబడే చోటు వస్తోందని అక్క లేచి ఫ్యాను ఆపి వచ్చి కూర్చుంది. ఎండలింకా తగ్గలేదు. గది ఉడికిపోతోంది. అవ్వ విసరబోయిన కొంగు కింద పెట్టేసింది. గిటారు ఒక్క తీగ మీదికి వచ్చి, ఉందో లేదో అన్నట్టు నడుస్తోంది. అక్క కణత మీద చెమట బొట్టు కట్టి, చెంప మీదుగా మెల్లగా జారి గడ్డం చివర ఆగింది. తుడుచుకోవడానికి ఆమె చెయ్యి ఎత్తలేదు.