గంగులయ్య సారు విరగ్గొట్టిన సోడాలు

మదనపల్లెలో గంగులయ్య సారు కంటబడ్డ సోడా ఇక సోడాగా మిగలదు. కాలేజీలో కెమిస్ట్రీ చెప్పే ఆయన, నీళ్లలో కరిగిన కార్బన్ డయాక్సైడును చెవికి వినపడని శబ్దంతో విరగ్గొట్టొచ్చని 2001లో ఎక్కడో చదివాడు. అంతే, నగలు కడిగే అల్ట్రాసౌండ్ మిషనొకటి తెచ్చి, వంటింట్లో గ్రైండరును పక్కకు జరిపి మరీ ప్రతిష్ఠించాడు. అప్పటినుంచి సోడాబండి పాపమ్మ రోజూ పెట్టెడు గోలీసోడాలు దించిపోతుంది. సారు వాటిని మిషన్లో పోసి స్విచ్చి వేస్తాడు. సోడా బుసబుసా పొంగి, చివరికి చప్పటి నీళ్లు మిగులుతాయి.

ఆ నీళ్లతోనే భార్య సుబ్బలక్ష్మమ్మ పప్పు ఉడికించింది, పెరట్లో వంకాయ మొక్కలను పెంచింది. ఆఖరికి కలికిరి నుంచి వచ్చిన తమ్ముడు మల్లప్పకూ వాటిలోనే నిమ్మకాయ పిండి ఇచ్చింది.

"ఇదేం సోడాక్కా? గ్యాసంతా పోయుండాదే!"

"పోలేదప్పా, విరిగింది!" అని లోపలినుంచి కేకేశాడు సారు.

అది మొదలు ఇంట్లో కరెంటు పోయినా, "పోలేదులే, విరిగింది" అని దెప్పేది సుబ్బలక్ష్మమ్మ.

రెండేళ్లకు ఆమె ఓపికా విరిగింది. ఒక ఉదయం పాపమ్మతో, "రేపట్నుంచి సోడాలు వద్దమ్మా" అని చెప్పేసింది.

పాపమ్మ ముఖం వాడిపోయింది. "అట్లయితే బండి ఎత్తేసి పుంగనూరుకు, మా తమ్మునింటికి పోవాల్సిందేనమ్మా. ఫ్రిజ్జుల అంగళ్లు వచ్చినాక నా సోడా ఎవురు తాగుతాండారు?"

సుబ్బలక్ష్మమ్మకు మనసు చివుక్కుమంది. అయినా మాట వెనక్కి తీసుకోలేదు.

ఆ రోజే కుప్పంలో, గ్యాసు విరగ్గొట్టడం మీద సారు ఉపన్యాసం. ఆమె కూడా వెళ్లి ముందు వరసలో కూర్చుంది.

"దీనికి సోడా పనికిరాదు," అన్నాడు సారు. "గ్యాసు మరీ ఎక్కువైతే బుడగలు గట్టిగా పేలవు. గ్యాసు విరగదు, ఊరికే బయటికి పోతుంది. ఇది నాకు మొదటి వారంలోనే తెలిసిపోయింది."

సుబ్బలక్ష్మమ్మ నోరు తెరిచింది. మళ్లీ మూసింది బస్సెక్కాకే.

"మొదటి వారమే తెలిస్తే, రెండేండ్లు నాకు చప్పిడి నీళ్లు యాల తాపించినారు?"

సారు కిటికీ వైపు తిరిగాడు. "ఊరికే సాయం చేస్తానంటే పాపమ్మ తీసుకోదు. ప్రయోగమంటే తెచ్చిస్తాది."

"నాకన్నా చెప్పకూడదా?"

"చెప్తే నువ్వు ఆమెను చూసి జాలిపడతావు. పాపమ్మ కనిపెట్టేయదూ?"

ఈ మనిషిని చూసి కోప్పడాలో, మురిసిపోవాలో ఆమెకు తెలియలేదు. చాలా దూరం పోయాక సారే భయంభయంగా అడిగాడు. "కోపం పోయిందా?"

"పోలేదు. విరిగింది."

తెల్లారి పాపమ్మ ఖాళీ సీసాల కోసం వచ్చింది. "సారు గ్యాసు విరిగిందామ్మా?" అనడిగింది దిగులుగా.

జాలి ఎక్కడ బయటపడుతుందోనని సుబ్బలక్ష్మమ్మ ముఖం చిటపటలాడించింది.

"యాడ విరిగింది! ఆయనకు చేతకాలా. ఇంక నేనే విరగ్గొడతా. రేపట్నుంచి రెండు పెట్టెలు దించిపో!"