కంప కాల్చిన కొండ

అనకాపల్లి బస్టాండులో చీడికాడ బస్సు కోసం ఎదురుచూస్తుంటే, నా పక్కన కూర్చున్న పెద్దాయన మాట కలిపాడు. ఆయన చెప్పింది ఇరవయ్యేళ్ల కిందటి సంగతి. అటవీశాఖలో వాచరుగా చేసి మానేశాడట. వాళ్ల ఊరి కొండమీద లాంటానా కంప అల్లుకుపోయి ఏ మొక్కనీ బతకనివ్వకపోతే, దాన్ని కాల్చేసి నేరేడు, ఉసిరి, మద్ది నాటారట.

"మంచి పని కదా మామా, ఎందుకు మానేశారు?" అన్నాను.



"కాల్సే ముందు కంప కాడ ఎలుగుబంటి అడుగులు సూసేను బాబూ. ఆగుదామంటే, వానలొచ్చేత్తన్నాయి, ఇప్పుడు కాల్సకపోతే మొక్కలు నాటలేం అన్నారు పైవోళ్లు. అదీ నిజవే. నానే అగ్గెట్టేను. తల్లి బయటికొచ్చింది, పిల్లలు రాలేదు. సానా రోజులు అది ఆ బూడిదలోనే తవ్వుకుంటా తిరిగింది."

"కంప ఉంచేస్తే?"

"అడివి వచ్చీదే కాదు." ఆయన కండువాతో మొహం తుడుచుకున్నాడు. "ఇప్పుడు నేరేళ్లు కాత్తన్నాయంట. పళ్లకి ఎలుగులు మళ్లీ వత్తన్నాయంట. నాను ఎల్లి సూళ్లేదు."

"మంచిదే కదా మామా," అన్నాను, ఏమనాలో తెలియక.

"మంచిదే," అన్నాడు. బస్సు వచ్చేదాకా ఆ మాటే తనలో తాను మెల్లగా అనుకుంటూ కూర్చున్నాడు.